దిష్టిచుక్క

మా ప్రయోగశాలలో తయారైన వస్తువుకు మేడమ్ పెట్టిన శాస్త్రీయ నామం ఒకటుంది. అది పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. ఆ పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా బతకలేదు. మొదటి నెలలోనే బస్సు కండక్టర్ మంగవేణి దాన్ని దిష్టిచుక్క అనేసింది. మేడమ్‌కి ఒళ్ళు మండింది. మూఢనమ్మకం వాసన తగిలే మాటేదీ డాక్టర్ హేమనళిని గారికి గిట్టదు. కానీ భరించేవాళ్ళు పేరు పెట్టుకున్నాక మనం చేసేదేముంది? నెల తిరిగేసరికి నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

మంగవేణి మాట తప్పని కూడా అనలేం. కొంతమంది ఆడవాళ్ళకు నెలసరి ముందు ఒంట్లో పెరిగే హార్మోనే పడదు. తనలో ఊరిన దాని మీద తన ఒళ్ళే తిరగబడుతుంది. ముఖం, పెదాలు, చేతులు దద్దుర్లెక్కి నీటిపొక్కులు పోస్తాయి. నెలసరి వచ్చి ఆ హార్మోను దిగిపోతే తగ్గుతాయి. మళ్ళీ నెల మళ్ళీ అదే వరస. మేము ఆ మనిషి చర్మంలోంచే నాలుగు కణాలు తీసి, గాజు పళ్ళెంలో పెంచి, వాటి స్వభావం కొంచెం మార్చి, రూపాయి బిళ్ళంత ముక్క చేసి మళ్ళీ ఆమె జబ్బకే అతికిస్తాం. ఒంటి కోపమంతా ఆ ముక్క తన మీదికి లాక్కుంటుంది. ఆ రోజులు వచ్చాయంటే చుక్క ఎర్రగా ఉబ్బి మండుతుంది, మిగతా ఒళ్ళు చల్లగా ఉంటుంది. నెలసరి రాగానే చుక్క వాలిపోయి నిద్రపోతుంది. పసిపిల్ల బుగ్గన నల్లచుక్క పెట్టేదీ అందుకే కదా.

"సిల్లర నా సేతిలోంచి తీసుకోడానికి బయపడీవోరమ్మా. సీటు మీద పడీమనీవోరు. ఇప్పుడు సూడు, ఇదిగో సెయ్యి," అని మంగవేణి రెండు చేతులూ నా ముఖం ముందు తిప్పి చూపించేది. విజయనగరం డిపోలో పని ఆమెది. నెలకోసారి విశాఖపట్నం వచ్చి చుక్క చూపించుకుని వెళ్ళేది. ఆమెలాంటి వాళ్ళు ఇంకో పదిమంది దాకా ఉండేవారు. కొలతలు తీయడం, ఫొటో తీయడం, ప్రశ్నలు అడగడం నా పని. వేరే మందులేమైనా వాడుతున్నారా అన్నది అందులో ఒక ప్రశ్న. "ఏం లేవండి," అన్నది అందరి జవాబు.

అందరికన్నా ముందు ఆ చుక్క పెట్టించుకున్నది మేడమ్ కూతురు ఆముక్త. అసలు మేడమ్ ఈ పరిశోధన మొదలుపెట్టిందే ఆ పిల్ల కోసం. ఇరవై నాలుగేళ్ళ ఆముక్త ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. ఒంటి మీద పొక్కులున్న మనిషిని తమ పిల్లలున్న నీళ్ళలో ఎవరు దిగనిస్తారు? తల్లులు గొడవ చేశారు. నెలకు సగం రోజులు ఆ పిల్ల గట్టు మీద నిండు చేతుల చొక్కా వేసుకుని ఈల ఊదుతూ నిలబడేది. చుక్క తయారయ్యాక మేడమ్ వెనకాడింది. ముందు ఇంకెవరి మీదైనా చూద్దామంది. అప్పుడు ఆముక్తే పట్టుబట్టింది.

"నాకోసం చేసి ఊళ్ళోవాళ్ళ పిల్లల మీద ప్రయోగం చేస్తావా అమ్మా? ముందు నాకు పెట్టు," అంది.

నేను వాళ్ళ ఇంట్లోనే మేడ మీద గదిలో అద్దెకు ఉండేదాన్ని. భోజనం కింద వాళ్ళతోనే. అందుకని ప్రయోగశాలలో జరిగేదీ, ఇంట్లో జరిగేదీ రెండూ నాకు తెలుసు. చుక్క పెట్టిన మూడో నెలలో ఆముక్త చేతుల్లేని గౌను కొనుక్కొచ్చింది. అది వేసుకుని హాల్లో గిరగిరా తిరిగి, అమ్మమ్మని కూడా పట్టుకుని తిప్పింది. "వదలవే, మోకాళ్ళు! మోకాళ్ళు!" అని మామ్మగారు అరుస్తూనే నవ్వారు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇల్లు అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

మామ్మగారంటే మేడమ్ తల్లి కామేశ్వరమ్మ గారు. తల్లీ కూతుళ్ళకు పూజల విషయంలో ఉప్పూ నిప్పూ. ఆవిడ దీపం పెడితే ఈవిడ ఫ్యాను వేసేది. "ఈ ఇంట్లో ముట్టు, మైల అన్న మాట వినబడకూడదు. మూడురోజులూ ఎవరూ ఎక్కడా వేరే కూర్చోరు," అని మేడమ్ ఎప్పుడో శాసనం చేసింది. మామ్మగారు ఎదురు చెప్పేవారు కాదు. తన పద్ధతులు తాను చడీచప్పుడు లేకుండా కానిచ్చుకునేవారు. మనవరాలు ఇద్దరి వైపూ ఉండేది. తల్లి దగ్గర నవ్వి, అమ్మమ్మ దగ్గర తలూపేది.

వేసవి చివర్లో ఒకరోజు భోజనాల దగ్గర మామ్మగారు మెల్లగా కదిపారు.

"హేమా, దాని ఒళ్ళు బాగుపడితే దాని చేత గౌరీదేవి నోము పట్టించి, ఉద్యాపన చేయిస్తానని మొక్కుకున్నానే. జ్యేష్ఠంలో శుక్రవారం బాగుందట."

"చుక్క పెట్టింది నేను. దండం ఆవిడకా?" అంది మేడమ్.

"నీ చేత పెట్టించింది ఎవరనుకున్నావు?"

"ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు," అని మేడమ్ మజ్జిగ పోసుకుంది. ఆముక్త పొలమారేంతగా నవ్వింది. "చేసుకుంటానమ్మా. అమ్మమ్మ కూర్చోకూడదంటున్నారుగా, నేను కూర్చుంటాను. ఒక్క పూటే కదా," అని తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. భర్త పోయిన ఆడవాళ్ళు ఆ నోము పీట మీద కూర్చోకూడదట. ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరూ అలాంటివాళ్ళే. ఇక మిగిలింది ఆ పిల్లే. ఆ లెక్కకి కూడా మేడమ్ పళ్ళు కొరికింది గానీ, కూతురి మొహం చూసి ఊరుకుంది.

నోము ఉన్న వారం ఆముక్త ప్రయోగశాలకు వచ్చినప్పుడు చుక్క ఎర్రగా ఉంది. ఆ రోజుల్లో అలా ఉండడం మామూలే. ఎప్పటిలాగే ప్రశ్నలు అడిగాను.

"వేరే మందులేమైనా?"

"అమ్మమ్మ పోసే నెయ్యి తప్ప ఏమీ లేదు తరళక్కా. కాకపోతే ఈసారి మంట ఎక్కువగా ఉంది."

"ఇంకేం, వచ్చేస్తుందిలే. వచ్చిందంటే అదే పడుకుంటుంది," అన్నాను. ఆ పిల్ల ఏదో చెప్పబోయినట్టు నా వైపు చూసి, నవ్వేసి, చొక్కా సర్దుకుని వెళ్ళిపోయింది. చెబితే తల్లికి చేరుతుందని ఊరుకుందేమోనని తర్వాత అనుకున్నాను. అబద్ధం మాత్రం చెప్పలేదు. తను వేసుకుంటున్నది మందని ఆ పిల్ల నిజంగానే అనుకోలేదు.

శుక్రవారం పొద్దున ఇల్లంతా సాంబ్రాణి. మేడమ్ సోఫాలో కూర్చుని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చదవడం లేదని మాత్రం తెలుస్తూనే ఉంది, పీట మీద పట్టుచీర కట్టుకుని కూర్చున్న కూతుర్ని పేపరు అంచు మీంచి చూస్తోంది. ఆముక్త బుగ్గలు ఎర్రబడ్డాయి. దీపాల వేడికి అనుకున్నాం. పురోహితుడు అక్షతలు తీసుకోమన్నాడు. ఆ పిల్ల చెయ్యి చాచి, మళ్ళీ గొంతు దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, గొంతు పట్టేసినట్టుంది."

మేడమ్ పేపరు విసిరేసి ఒక్క దూకు దూకింది. అప్పటికే మెడ నుంచి చేతుల దాకా దద్దుర్లు పైకి తేలుతున్నాయి, మేము చూస్తుండగానే. రవిక చెయ్యి చింపితే లోపల చుక్క నల్లగా కమిలిపోయి ఉంది. ఇంట్లో ఉంచిన ఇంజెక్షన్ మేడమ్ తనే చేసింది. రెండోది కారులో చేసింది. నేను బండి నడిపాను. వెనక సీట్లోంచి "ముక్తా, నన్ను చూడు, నన్నే చూడు," అన్న మాట ఆస్పత్రి గేటు దాకా వినపడింది. తర్వాత వినపడలేదు. లోపల ఎంతసేపు కష్టపడ్డా ఊపిరి తిరిగి రాలేదు. నీళ్ళ అడుగున గుక్క తిప్పుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళగలిగే పిల్ల, గాలి అందక పోయింది. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

దినాలు కాకముందే మేడమ్ ప్రయోగశాలకు వచ్చింది. ఎవరమూ వద్దనలేకపోయాం. ఆస్పత్రివాళ్ళు తీసి ఇచ్చిన చుక్కని తనే మైక్రోస్కోపు కింద పెట్టుకుంది. కన్న కూతురి చర్మం. చాలాసేపటికి తలెత్తింది.

"ఇది పాడైపోలేదు తరళా. అలిసిపోయి చచ్చిపోయింది. దీనికి నెల పొడుగునా పని చేసే శక్తి లేదు. నెలసరి వస్తేనే దీనికి విశ్రాంతి. ఈసారి విశ్రాంతి దొరకలేదు. పైగా ఎప్పుడూ లేనంత పని పడింది. మోయగలిగినంత మోసి, తెగిపోయింది. అప్పుడు మొత్తం కోపం ఒక్కసారే ఒంటి మీద పడింది. ఎందుకు దొరకలేదో నాకు తెలియడం లేదు."

తెలియని దాన్ని పదిమంది జబ్బల మీద ఉంచడానికి వీల్లేదంది. అందరి చుక్కలూ కోసి తీసేయాలంది. నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకామె ఏడ్చింది. పెళ్ళి కుదిరిందని, పెళ్ళయ్యేదాకా ఆగమని ఒకామె బతిమాలింది. "సెయ్యి కోసీండమ్మా, ఇస్తాను. సుక్క మాత్రం కొయ్యకండి," అంది మంగవేణి. ఆమె వెనక బస్సు హారన్లు వినపడుతున్నాయి. నేను ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం మామ్మగారు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. పిల్ల పోయిన రోజు నుంచీ ఆవిడ ఒకటే మాట.

"ఎక్కడ లోపం చేశానే హేమా? పిండివంటలు మడితో చేశాను. పురోహితుడు మంచివాడు. మైల తగలకుండా నాలుగు రోజుల ముందు నుంచీ దానికి మాత్రలు కూడా వేయించాను. ఇంకేం తక్కువైంది ఆ తల్లికి?"

మేడమ్ చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది.

"ఏ మాత్రలమ్మా?"

"అవేనే, పూజలకి వేసుకుంటారు, నెలసరి వెనక్కి జరగడానికి. మందుల షాపులో అడిగితే ఇస్తాడు. రోజుకి మూడు. నువ్వు కేకలేస్తావని నీకు చెప్పొద్దని నేనే అన్నాను దానితో."

ఆ మాత్రలో ఉండేది కూడా ఆ జాతి హార్మోనే, ఒంట్లో ఊరేదానికన్నా మొండిది. రావలసిన విశ్రాంతిని ఆపేసి, మోస్తున్న బరువు మీద ఇంకో బరువు ఎత్తింది. మేడమ్‌కి అర్థమవడానికి క్షణం కూడా పట్టదని నాకు తెలుసు. ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టింది. తల్లి ముందు గొంతుక్కూర్చుని, ఆవిడ చెంగు సర్దింది.

"ఏ లోపం లేదమ్మా. నువ్వు అన్నీ సరిగ్గానే చేశావు," అంది.

తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. బకెట్ నిండి పొర్లిపోతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. బయటికి వచ్చాక నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"ఈ మాట మా అమ్మకి తెలియకూడదు. తెలిస్తే ఆవిడ బతకదు."

"మరి వాళ్ళకి?"

"వాళ్ళకి నేను చెబుతాను. చుక్కలు తీయనక్కర్లేదు."

చెప్పింది. అందర్నీ కూర్చోబెట్టి, నెలసరి వాయిదా వేసే మాత్రలు వాడితే ప్రాణాపాయమని, చుక్క మాడిపోతుందని, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. తన కూతురి సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఆ కబురు తిరిగి తిరిగి ఇల్లు చేరుతుందని భయం. అందరూ బుద్ధిగా తలలూపారు. తీరా వరండాలోకి వచ్చాక ఒకామె ఇంకొకామెతో అంటోంది, "డాక్టర్లు అలాగే అంటార్లెండి. రోజూ మింగితే ప్రమాదం గానీ, వరలక్ష్మీ వ్రతానికి ఒక్కసారికి ఏమవుతుంది?"

నాకు తిక్కరేగింది. వెళ్ళి ఆమెను నిలదీశాను. "అయ్యో, నేను వేసుకోనండీ, ఊరికే అన్నాను," అని చక్కగా నవ్వి వెళ్ళిపోయింది. అసలు చిక్కంతా ఆ నవ్వులోనే ఉంది. డాక్టరు తిడుతుంది కాబట్టి డాక్టరుకు చెప్పరు. ఇంట్లో పూజ ఆగకూడదు కాబట్టి మానరు. శ్రావణం దగ్గర పడుతోంది. ప్రతి ఇంట్లో వ్రతమే, ప్రతి మందుల షాపులో ఆ మాత్రలే.

మేడమ్‌తో చెబితే, "ముక్త సంగతి చెబితే వింటారు. నాకు తెలుసు. కానీ ఎలా చెప్పను తరళా?" అంది. ఇటు తల్లి, అటు ఆ పదిమంది. ఆవిడ అన్నం తినడం మానేసింది.

ఒక మధ్యాహ్నం మేడమ్ లేనప్పుడు మామ్మగారు కర్ర పట్టుకుని మెట్లెక్కి నా గదికి వచ్చారు. ఎప్పుడూ రారు. మంచం మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు.

"ఒక్కటి అడుగుతాను, దాచకు. మా హేమ ఆ రోజు నన్ను తిట్టలేదేం?"

"ఏ రోజు మామ్మగారూ?"

"మాత్రల సంగతి చెప్పిన రోజు. నేను పసుపు రాసుకుంటే తిడుతుంది, ఉపవాసం ఉంటే తిడుతుంది. తనకి చెప్పకుండా పిల్లకి మాత్రలు వేయించానంటే ఇల్లు పీకి పందిరి వేయొద్దూ? నా చెంగు సర్దింది. అప్పటి నుంచీ నేను దీపం పెట్టినా ఒక్క మాట అనడం లేదు. ఆ మాత్రలే కదూ?"

నేను తల దించుకున్నాను. ఆవిడకు అది చాలు. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "మీ ఆడవాళ్ళందరూ మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగారు.

వాళ్ళు వచ్చే రోజున ఆవిడను ఆటోలో తీసుకెళ్ళాను. మేడమ్‌కి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. వరండాలో బెంచీల మీద అందరూ చుక్కలు చూపించుకోవడానికి కూర్చుని ఉన్నారు. మామ్మగారు మంగవేణి పక్కన జరిగి చోటు చేసుకున్నారు.

"శ్రావణ శుక్రవారం వ్రతం చేసుకుంటావా తల్లీ?"

"సేసుకోకపోతే ఎలాగమ్మా? మా అత్త ఊరుకుంటాదేటి?"

"మరి ఆ రోజు అడ్డం వస్తేనో?"

మంగవేణి అటూ ఇటూ చూసి, టిక్కెట్ల సంచీ తెరిచి, అట్ట ముక్కలాంటి మాత్రల పట్టీ బయటికి తీసింది. "ముందే కొనీసాను. డాక్టరమ్మతో అనకండి. ఇది మందేటమ్మా? పూజకి కదా."

ఇంకో ఇద్దరు ముసిముసిగా నవ్వారు. మామ్మగారు ఆ పట్టీ చేతిలోకి తీసుకుని వేలితో తడిమారు.

"నేనూ అలాగే అనుకున్నాను. నా మనవరాలికి నా చేత్తో ఇచ్చాను. మంచినీళ్ళు కూడా నేనే అందించాను. నెలసరి ఆగింది. పిల్ల పీట మీదే గొంతు పూడుకుపోయి పోయింది. దాని జబ్బకీ మీలాంటి చుక్కే ఉండేది. ఈ డాక్టరమ్మ కన్న పిల్ల అది."

నవ్విన వాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "పూజ మానెయ్యండి. లేదా మైలతోనే చేసుకోండి. ఏ తల్లయినా ఇంత కోపం పెట్టుకోదు. పాపమేదైనా ఉంటే నాకు వెయ్యండి. పిల్లని చంపుకున్న దాన్ని, నాకింకేం భయం?" అన్నారు మామ్మగారు. మంగవేణి పట్టీ వెనక్కి అడగలేదు. సంచీలో ఉన్న రెండోది కూడా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. వరండా ఆ చివర కూర్చున్న, ఆ రోజు నన్ను నవ్వి తప్పించుకున్న ఆమె కూడా లేచి వచ్చి తన దగ్గరున్నది పెట్టింది.

అప్పుడు చూశాను మేడమ్‌ని. గది తలుపు దగ్గర తెల్లకోటుతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, అందరి మధ్యలో, తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

"ఎందుకిచ్చావమ్మా?" అంది. చిన్నపిల్ల గొంతు అది. "నన్ను ఒక్క మాట అడగలేకపోయావా? ఎందుకిచ్చావు? ఎందుకిచ్చావే అమ్మా?"

అడుగుతూ తల్లి మోకాళ్ళ మీద రెండు చేతులతో కొట్టింది. మామ్మగారు అడ్డుకోలేదు. కొట్టనిచ్చారు. కూతురు పోయిన నాటి నుంచీ మేడమ్ అలా నోరు తెరిచి ఏడవగా ఎవరూ వినలేదు. ఆ ఏడుపు విన్నాక మామ్మగారి కళ్ళు కూడా మొదటిసారి నిండాయి. ఆవిడ వంగి, కూతురి తల తన పొట్టకు అదుముకున్నారు.

"అడుగు తల్లీ, అడుగు. నువ్వు అడగకపోతే నేనెవరికి చెప్పుకోను?"

మేమెవరమూ వాళ్ళను లేపలేదు. మంగవేణి లేచి వెళ్ళి, వచ్చేపోయేవాళ్ళు చూడకుండా వరండా తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.